సెన్సర్‌ను మార్చే ముందు పరీక్షించండి

సంపాదకులకు,
నమస్కారం.

గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకం ఉండి, టైర్లలో గాలి తగ్గిందని హెచ్చరించే పసుపు దీపం స్పోర్ట్స్ కారు డాష్‌బోర్డు మీద వెలిగిందంటే చాలు, కారణం వెతకకుండానే గాలి పీడనాన్ని కొలిచే నాలుగు చక్రాల సెన్సర్లూ మార్చాలని చెప్పడం మన నగరాల్లోని చాలా గ్యారేజీలకు అలవాటైపోయింది. అంత ఖరీదైన కారు కొన్నవారు ఈ ఖర్చుకు లెక్క అడగరులే అన్న ధీమా కూడా ఇందులో కొంత ఉందని నా అనుమానం. దీపం ఎందుకు వెలిగిందో తేల్చుకోవడానికి పావుగంట చాలు. ఆ పావుగంట ఎలా గడపాలో యజమానులకూ, పంక్చర్ షాపులవారికీ తెలియాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

ఈ దీపాన్ని తేలికగా తీసుకోమని నేను చెప్పడం లేదు. మొదట 1986లో పోర్షే 959 వంటి స్పోర్ట్స్ కారులో కనిపించిన ఈ ఏర్పాటు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాల ఫైర్‌స్టోన్ టైర్ల వైఫల్యాల తర్వాత అమెరికా 2000లో చేసిన చట్టం ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నింటిలో తప్పనిసరి అయింది. నిర్ణీత పీడనంకంటే గాలి 25 శాతం తగ్గితే హెచ్చరించాలన్నది అక్కడి నిబంధన. స్పోర్ట్స్ కార్ల టైర్లకు పక్కగోడ పొట్టిగా, గట్టిగా ఉంటుంది కనుక గాలి తగ్గిన సంగతి కంటికి ఆనదు. పైగా పోర్షే 911 వంటి కార్లలో స్టెప్నీకి బదులు సీలెంటు (పంక్చర్ రంధ్రాన్ని మూసే ద్రవం) సీసా, చిన్న కంప్రెసర్ మాత్రమే ఇస్తారు. అందువల్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోయేవారికి ఆ దీపం చెప్పే మాట నిజమో కాదో తెలియడం చాలా అవసరం.

మొదట గమనించవలసింది దీపం వెలిగే తీరు. స్టార్టు చేశాక మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతూనే ఉంటే గాలి తక్కువైనట్టు. నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని ఆ తర్వాత ఆరకుండా వెలుగుతూ ఉంటే వ్యవస్థలోనే లోపం ఉన్నట్టు. చాలా కార్లకు ఇదే పద్ధతి. మొదటి రకమైతే సెన్సర్ తన పని తాను సవ్యంగా చేస్తున్నట్టే లెక్క. నమ్మదగిన గేజీతో, కారు నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్ పడిపోతే పీడనం దాదాపు ఒక పాయింటు (పీఎస్ఐ) తగ్గుతుంది కనుక, మధ్యాహ్నపు ఎండలో, అదీ నడిపి వేడెక్కిన టైర్లలో గాలి కొట్టించిన కారుకు డిసెంబరు తెల్లవారుజామున దీపం వెలగడంలో వింతేమీ లేదు. ఇక వెనుక ఇంజిను ఉండే 911 వంటి కార్లకు ముందు చక్రాలకంటే వెనుక చక్రాల్లో గాలి ఎక్కువ ఉండాలి. ఆ లెక్క తలుపు పక్కన అంటించిన పట్టీ మీద రాసే ఉంటుంది. అయినా పెట్రోలు బంకు కుర్రాడు నాలుగింటికీ 32 పాయింట్లే కొడతాడు, మనం తల ఊపి వచ్చేస్తాం.

దీపం మిణుకుమంటే అప్పుడు సెన్సర్ల సంగతి చూడాలి. వాల్వుకు లోపలివైపు బిగించి ఉండే ఈ పరికరం కారు ఆగి ఉన్నప్పుడు నిద్రపోతుంది. చక్రం తగినంత వేగంగా తిరిగినప్పుడే మేల్కొని, కొద్ది వ్యవధికోసారి తన గుర్తింపు సంఖ్యనూ, పీడనాన్నీ, ఉష్ణోగ్రతనూ రేడియో ద్వారా పంపుతుంది. ఆగి ఉన్న కారులో దాన్ని లేపడానికి 125 కిలోహెర్ట్జ్ సంకేతం పంపే చేతి పరికరం ఉంటుంది. దాన్ని ఒక్కొక్క చక్రం వాల్వు దగ్గర పెట్టి చూస్తే, ఏ టైరు విప్పకుండానే చాలావరకు లోపం బయటపడుతుంది. మూడు పలికి ఒకటి పలకకపోతే ఆ ఒక్కటే మార్చాలి. నాలుగూ పలుకుతున్నా కారు గుర్తించకపోతే లోపం సాధారణంగా సెన్సర్లది కాదు. సంకేతాన్ని అందుకునే రిసీవర్, దాని ఫ్యూజు, వైరింగు చూడాలి, లేదా సెన్సర్ల సంఖ్యలను కారు కంప్యూటరుకు మళ్లీ నేర్పాలి. చవక రకం డాష్‌క్యామ్ చార్జరు వల్ల కూడా సంకేతం అందకపోవచ్చు కనుక దాన్ని ఊడదీసి ఒకసారి నడిపి చూడటం మంచిది. చక్రాలు అటూఇటూ మార్చాక సంఖ్యలు నేర్పకపోతే కొన్ని కార్లు ముందు చక్రం లెక్కను వెనుక చక్రానిదిగా చూపిస్తాయి. మరికొన్ని కార్లలో అసలు చక్రాల్లో సెన్సర్లే ఉండవు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థ చక్రాల వేగాల తేడాను బట్టి గాలిని అంచనా వేస్తుంది. వాటికి గాలి సరిచేసి రీసెట్ నొక్కడమే వైద్యం. లేని సెన్సర్‌కు బిల్లు వేయడం ఎవరివల్లా కాదని ఆశిద్దాం.

మన దగ్గర ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇక్కడ ధర ఎక్కువనీ, సరుకు ఆలస్యమవుతుందనీ చాలామంది అమెరికాలో ఉన్న పిల్లల చేతనో, బంధువుల చేతనో సెన్సర్లు సూట్‌కేసులో తెప్పించుకుంటున్నారు. అమెరికా కార్లలో ఎక్కువ భాగం 315 మెగాహెర్ట్జ్ మీద, ఐరోపాలోనూ మన దేశంలోనూ అమ్మే కార్లు సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. పేరు, ఆకారం ఒకటే అయినా ఆ సెన్సర్ పంపే సంకేతం ఇక్కడి కారుకు వినబడదు. పాత సెన్సర్ మీద ముద్రించిన పార్టు నంబరు, ఫ్రీక్వెన్సీ చూసుకున్నాకే కొనాలి.

సెన్సర్లు నిజంగా పాడయ్యే సందర్భాల్లో చాలావాటికి టైరు విప్పే చోటే బీజం పడుతుంది. రిమ్ము నుంచి టైరును విడదీసే యంత్రం పలక వాల్వు దగ్గర పడిందంటే లోపలి ప్లాస్టిక్ పెట్టె పగులుతుంది; పొట్టి పక్కగోడ టైర్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పంక్చర్ కాకుండా ముందుజాగ్రత్తగా పోయించే ద్రవం సెన్సర్ రంధ్రాన్ని మూసేయవచ్చు. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే, వానాకాలపు తేమకు రెండు లోహాల మధ్య తుప్పు పట్టి అతుక్కుపోతాయి, తర్వాత పిన్ను విప్పబోతే వాల్వే విరగవచ్చు. అందుకే నికెల్ పూత ఉన్న పిన్నే వాడాలి. టైరు మార్చిన ప్రతిసారీ రబ్బరు వాషరు, పిన్ను, నట్టు కొత్తవి వేయాలి. వీటి ఖర్చు సెన్సర్ ధరతో పోలిస్తే నామమాత్రం.

నాలుగూ మార్చడం సబబైన సందర్భం ఒకటి లేకపోలేదు. లోపలి బ్యాటరీ విడిగా మార్చేది కాదు, సాధారణంగా ఐదు నుంచి పదేళ్లు వస్తుంది. 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్లు ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నాయి. నాలుగూ ఒకే ఈడువి కనుక ఒకటి ఆగిపోతే మిగతావీ త్వరలోనే ఆగిపోవచ్చు, టైర్లు ఎలాగూ మారుస్తున్నప్పుడు అన్నీ ఒకేసారి వేయించుకుంటే కూలీ కలిసొస్తుంది. కానీ ఆ మాట బ్యాటరీ స్థితి చూశాక చెప్పాలి, పైన చెప్పిన చేతి పరికరాల్లో చాలావి ఆ సంగతి కూడా చూపిస్తాయి.

ఈ సెన్సర్లు ఇప్పుడు క్రెటా, సెల్టోస్ వంటి మధ్యతరగతి కార్లలోకీ వచ్చేశాయి కనుక ఇది ధనికుల గోడుగా కొట్టిపారేయదగ్గది కాదు. గ్యారేజీలవారు ఒక్కొక్క చక్రం సెన్సర్ పలికిందీ లేనిదీ, చూపిన పీడనం ఎంతో జాబ్ కార్డు మీద రాసి ఇవ్వాలి, తీసేసిన సెన్సర్లను యజమానికి అప్పగించాలి. ఐటీఐ మోటారు మెకానిక్ తరగతుల్లో సెన్సర్ ఉన్న చక్రం నుంచి టైరు విప్పే పద్ధతిని విద్యార్థుల చేత స్వయంగా చేయించాలని ఉభయ తెలుగు రాష్ట్రాల శిక్షణ శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఆటోమొబైల్ ఇంజినీరింగ్ విశ్రాంత అధ్యాపకుడు,
సికింద్రాబాద్