వార్డులు ఎవరు కొన్నారు?

మారతహళ్లి, బెంగళూరు
28 సెప్టెంబరు 2025

ఒరేయ్ శీనూ,

వాట్సాప్‌లో నాలుగు ముక్కలు కొట్టి వదిలేసే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా. నా చేతిరాత చూసి నవ్వకు. సంతకానికి తప్ప పెన్ను పట్టి ఏళ్లయింది.

రెండు వారాల కిందటి ఆదివారం మనం ఐదుగురేసి టీములుగా ఆడిన డోటా గేమ్‌కి ప్రపంచ కప్పులాంటి ఇంటర్నేషనల్ ఫైనల్ చూశావా? చూసుండవులే, పాపకి జ్వరమన్నావు. ఈసారి హాంబర్గ్‌లో పెట్టారు. టీమ్ ఫాల్కన్స్‌కీ, ఎక్స్‌ట్రీమ్ గేమింగ్‌కీ పోటీ. మా పీజీ వైఫై గురించి నీకు తెలుసుగా, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, చల్లారిపోయిన ఎగ్ దోసె ముందేసుకుని కూర్చున్నా. చెరో రెండూ గెలిచి ఐదో గేమ్‌కి పోయింది. ఎక్స్‌ట్రీమ్ క్యారీ, అదే చివర్లో గేమ్ గెలిపించాల్సినవాడు, ఎవరో తెలుసా? మనవాడే. ఇంగ్లీషులో పేరు చూసి మనం 'ఆమె' అని పిలిచేవాళ్లం చూడు, ఆ చైనా కుర్రాడు. 'ఆమె కొడుతోందిరా, పారిపో' అని నువ్వు అరిస్తే నెట్ సెంటర్ ఓనరు తల తిప్పి చూసేవాడు.

ఓడిపోయాడురా. 2018లో ఫైనల్, ఐదో గేమ్‌లో ఓటమి. 2021లో ఫైనల్, మళ్లీ ఐదో గేమ్‌లోనే. ఇప్పుడు మూడోసారీ అంతే. దోసె అలాగే ఉండిపోయింది.

అన్నట్టు, ప్రైజ్ మనీ చూస్తే నవ్వొస్తుంది. 2021లో నాలుగు కోట్ల డాలర్లు దాటింది, ఇప్పుడు 30 లక్షల దగ్గర ఆగింది. అప్పట్లో ఇంటర్నేషనల్ పేరుతో గేమ్‌లో అమ్మే బ్యాటిల్ పాస్ మనం కొంటే, ఆ డబ్బులో పావు వంతు ప్రైజ్ మనీలోకే పోయేది కదా, 2023 నుంచి ఇంటర్నేషనల్‌కి ఆ బ్యాటిల్ పాసే ఎత్తేశారు. నువ్వు వారం రోజులు మెస్ మానేసి మరీ కొన్నావు ఒక పాస్. ఆ లెక్కన ఎవడి బహుమతిలోనో నీ సాంబారు అన్నం కూడా ఉంది.

అసలు విషయానికొస్తా. ఆ రాత్రి నిద్ర పట్టక 2018 ఫైనల్ మళ్లీ పెట్టుకున్నా. వాంకూవర్‌ది, ఓజీ టీము గెలిచింది. అప్పుడు మనిద్దరికీ మాటల్లేవు. నువ్వు ఒంగోలులో, నేను హాస్టల్లో, ఎవడికి వాడే చూశాం. ఆ కథ నీకు నాకన్నా బాగా తెలుసు. నోటెయిల్, ఫ్లై అనే ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే టీములో ఆడారు. ఓజీ పెట్టాక మేజర్లనే పెద్ద టోర్నీలు నాలుగు గెలిచారు. ఇంటర్నేషనల్‌కి మూడు నెలల ముందు ఫ్లై ఇంకొకడితో కలిసి ఈవిల్ జీనియసెస్ అనే ఇంకో టీముకి వెళ్లిపోయాడు. నోటెయిల్ దగ్గర మిగిలిందెవరు? కోచ్‌గా ఉన్న సెబ్‌ని ఆటలోకి దింపాడు, విశ్రాంతిలో ఉన్న అనాని రప్పించాడు, పెద్దగా పేరు లేని టాప్సన్‌ని తెచ్చాడు. ఊరూ పేరూ లేని టీములతో పాటు ఓపెన్ క్వాలిఫయర్ ఆడి లోపలికొచ్చారు. దారిలో ఫ్లై టీమునే ఓడించారు. చివరికి కప్పు, దాంతోపాటు కోటి డాలర్ల పైనే. ఆ కెప్టెన్ నోటెయిల్ ఆడింది ఏ పొజిషన్? ఐదు, టీముకి అండగా ఉండే సపోర్ట్. నీ పొజిషన్.

ఇప్పుడు చెప్తున్నా, విను. ఫ్లై కంటే మూడు నెలల ముందే ఆ పని చేసినవాణ్ణి నేను. మన కాలేజీ ఫెస్ట్ టీములోంచి నిన్ను తీసేసి, ఎంఎంఆర్, అదే ర్యాంకు స్కోరు, ఎక్కువుందని ఆ సెకండియర్ వాణ్ణి పెట్టుకున్నా. 'శీను వార్డులు పెట్టడం తప్ప ఏం చేస్తాడు' అన్నా. నీకు చేరే ఉంటుంది ఆ మాట. మొదటి రౌండ్‌లోనే పోయాం. చుట్టుపక్కల ఎవరున్నారో చూపించే వార్డులు ఎవడూ పెట్టక మ్యాపంతా చీకటి, మా అడవిలో వాళ్లు తిరుగుతున్నా మాకు కనపడలేదు. సామాన్లు మోసుకొచ్చే కొరియర్ కూడా ఎవడూ కొనలేదు, వాడు కొంటాడని నేను, నేను కొంటానని వాడు. అదంతా గేమ్‌లో నీకొచ్చే గోల్డ్‌తో నడిచేదని అంతవరకు నాకు తట్టనే లేదు. ఏడేళ్లుగా ఈ ముక్క నీతో అనాలనుకుంటూనే ఉన్నా. నీ పెళ్లిలో కూడా నోటిదాకా వచ్చింది, ఈలోగా ఎవరో ఫోటోకి పిలిచారు.

నాన్న పోయిన నెల ఫోన్ చేశాడు, కంగారుగా. 'నువ్వాడేది కూడా బ్యాన్ చేశారంటరా టీవీలో' అని. డబ్బులు పెట్టి ఆడేవే ఆపారు నాన్నా, ఈ-స్పోర్ట్స్‌ని ఆ చట్టమే వేరుగా ఉంచింది అన్నా. 'ఏదో ఒకటి, ఆపేస్తే బాగుండు' అని పెట్టేశాడు.

పాపకి తగ్గిందా? చెల్లెమ్మని అడిగానని చెప్పు. దసరాకి ఊరు వస్తున్నా, ఈలోగా ఏ రాత్రైనా పది దాటాక, పాప పడుకున్నాక ఒక్క గేమ్ ఆడదాం. క్యారీ నువ్వు తీసుకో, ఐదు నేనాడతా. అబ్జర్వర్ వార్డులు ఇప్పుడు ఫ్రీ ఇస్తున్నారు, కొరియర్ కూడా. కనపడనివాటిని పట్టిచ్చే సెంట్రీ వార్డులకి మాత్రం ఇంకా గోల్డ్ పెట్టాల్సిందే. అవి నేనే కొంటా.

నీ
రవి