కరువులో మేత కొనేటప్పుడు తూకం ఒక్కటే చూడొద్దు

సంపాదకులకు నమస్కారం.

గడ్డి దొరకని ఏడాది వచ్చిందంటే వ్యవసాయ పేజీల్లో రెండు సలహాలు తప్పకుండా కనిపిస్తాయి. ట్రేలలో మొలకగడ్డి పెంచమని ఒకటి, తొట్టిలో నీటి మీద తేలే అజోల్లా మొక్కను వేయమని ఇంకొకటి. రెండూ మంచి మేతలే. కానీ కిలో మొక్కజొన్న గింజలకు ఐదారు కిలోల పచ్చిమేత వస్తుందని రాసినప్పుడు, పెరిగిన ఆ బరువంతా నీళ్లేనని కూడా రాయాలి. మొలకెత్తే గింజ తన పిండిని తానే ఖర్చు చేసుకుంటుంది. వారం తర్వాత ట్రేలో ఉండే ఎండు పదార్థం, అంటే నీరు తీసేస్తే మిగిలేది, మనం వేసిన గింజల్లో ఉన్నంత కూడా ఉండదు. అజోల్లాలోనూ 90 శాతానికి పైగా నీరే. కిలో పెడితే పశువుకు అందే అసలు మేత 100 గ్రాములు కూడా కాదు. మాంసకృత్తుల కోసం కాస్త కలపవచ్చు గానీ, గడ్డి లేని లోటును అది తీర్చదు.

300 కిలోల ఆవుకు రోజుకు 6 నుంచి 7.5 కిలోల ఎండు పదార్థం కావాలి. ఎండు వరిగడ్డిలో అది 90 శాతం దాకా ఉంటుంది, పచ్చిమేతలో 15 నుంచి 25 శాతమే. అంటే 10 కిలోల వరిగడ్డికి సరితూగాలంటే, 20 శాతం ఎండు పదార్థమున్న పచ్చిమేత 45 కిలోలు కొనాలి. బేరం ఆడే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఇక చేతిలో ఉన్న వరిగడ్డి సంగతి. అందులో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. పెద్దపొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులకు కనీసం 7 శాతం ఉండాలి. అది లేకపోతే గడ్డి అరగక పొట్టలోనే నిలిచిపోతుంది, కడుపు నిండుగా కనిపిస్తూనే పశువు చిక్కిపోతుంది. దీనికి విరుగుడు యూరియాతో మాగవేయడం. చాలాసార్లు ఈ పద్ధతిని సగమే చెప్పి వదిలేస్తున్నారు, అదే ప్రమాదం.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. యూరియా పూర్తిగా కరిగాకే వాడాలి. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, గడ్డిని పొరలు పొరలుగా వేస్తూ, ప్రతి పొర మీదా పూలక్యానుతో సమంగా చల్లి, గాలి పోయేలా గట్టిగా తొక్కాలి. పైన పట్టా కప్పి అంచుల మీద మట్టి వేసి 21 రోజులు కదపకూడదు. లోపల యూరియా అమ్మోనియాగా మారి పీచును మెత్తబరుస్తుంది. పట్టాకు చిల్లు పడితే అమ్మోనియా పోతుంది, గడ్డికి బూజు పడుతుంది. నీళ్లు తగ్గిస్తే యూరియా మారకుండా యూరియాగానే మిగిలిపోతుంది. ఆ గడ్డి తిన్న పశువు ప్రాణానికే ముప్పు.

తెరిచాక ఒక పక్క నుంచి ఆ రోజుకు సరిపడా మాత్రమే తీసి, ఘాటు పోయేదాకా కొన్ని గంటలు ఆరబెట్టాలి. మొదటి రోజు మామూలు మేతలో పావు వంతు కలిపి, వారంలో పూర్తి మోతాదుకు తేవాలి. ఆరు నెలల లోపు దూడలకూ, గుర్రాలకూ, గాడిదలకూ పెట్టకూడదు. యూరియాను కుడితిలో కలపడం మాత్రం ఎన్నడూ చేయరాదు. యూరియా నీళ్లు మిగిలిన బకెట్టును కూడా పశువుకు అందనివ్వకూడదు. తిన్న గంటలోపే కండరాలు వణకడం, పొట్ట ఉబ్బడం, నోట నురగ, తూలడం కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కూడా ఇవ్వాలి. నీళ్లు తగ్గితే ఎండుమేత తినడమూ తగ్గుతుంది, పొట్ట గట్టిపడుతుంది. కొత్త దాణా ఏదైనా పది రోజుల్లో మెల్లగా పెంచాలి.

వాడిపోయిన జొన్న గురించి కూడా చెప్పాలి. నీళ్లు లేక గిడసబారిన లేత జొన్నలోనూ, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లోనూ హైడ్రోసయనిక్ ఆమ్లం చేరుతుంది. ఆకలితో ఉన్న పశువు అలాంటి చేలో పడితే నిమిషాల్లో ఎగశ్వాసతో కూలిపోతుంది. పూత వచ్చాక కోసి, ఎండలో బాగా ఆరబెట్టి పెడితే ఈ విషం చాలావరకు పోతుంది. ఇలాంటి పైరులోనే చేరే మరో విషం నైట్రేట్ మాత్రం ఎండబెట్టినా పోదు. అది కాండం అడుగు భాగంలో ఎక్కువగా ఉంటుంది కాబట్టి నేలకు జానెడు ఎత్తు వదిలి కోయాలి. మొదటి విషంలో రక్తం మెరిసే ఎరుపుగా, రెండోదానిలో చాక్లెట్ రంగులో ఉంటుంది. రెండింటికీ మందులు వేరు. అందుకే వైద్యుడు రాగానే పశువు ఏం తిన్నదో, ఎంతసేపటి క్రితం తిన్నదో చెప్పాలి.

పత్రికకు మా మనవి ఒకటే. మాగవేసే పద్ధతిని వేసినప్పుడు కొలతలూ, ఆ గడ్డి పెట్టకూడని పశువుల వివరమూ కలిపి వేయండి. జొన్న హెచ్చరికను కరువు నడిమధ్యలో ఒకసారి వేసి ఊరుకోకుండా, తొలి వాన పడగానే మళ్లీ వేయండి. ఎండిన మోళ్లు పిలకలు వేసేదీ, నెలల తరబడి పచ్చిక చూడని పశువులు వాటి మీదికి ఎగబడేదీ ఆ వారంలోనే.

ఇట్లు,
పాడి రైతులు