ఇంకుడు గుంత ఉంటే చాలదు, నీళ్లు దిగాలి

తెలంగాణ పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో ఇల్లు కట్టేవాళ్లు వాన నీళ్లు ఇంకే ఏర్పాటు చేయాలన్న నిబంధన కొత్తది కాదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలోనే ఆ మాట ఉంది. అయినా ఎండాకాలం వస్తే మణికొండ, నిజాంపేట వీధుల్లో ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు తప్పడం లేదు. ప్లానులో గుంత గీసి ఉంటే మన నిబంధనకు సరిపోతోంది. ఆ తర్వాత అటువైపు చూసేవాళ్లు లేరు.

మా కాలనీలో కొన్ని గుంతల మీద పార్కింగ్ టైల్స్ పరిచేశారు. కొన్నిటికి డాబా పైపే కలపలేదు, వాన నీళ్లు నేరుగా రోడ్డెక్కి మ్యాన్‌హోల్‌లో పడుతున్నాయి. పైపు కలిపిన చోట కూడా గుంతలో కంకర మీద పోసిన ఇసుకలో మట్టి, ఆకులు పేరుకుని నీళ్లు పైనే నిలుస్తున్నాయి. ఆ ఇసుకను ఏటా తీసి కడగాలని ఇంటివాళ్లకు చెప్పేదెవరు?

పోయేది తక్కువ నీళ్లు కావు. మన నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద అది 80 వేల లీటర్లు. ఐదో వంతు వృథా అనుకున్నా 64 వేలు మిగులుతాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 12కు పైనే! మన కింద ఉన్నది గ్రానైట్. దాని పగుళ్లలో, పైనున్న మెత్తటి పొరలో పట్టేదే బోర్లకు నీరు. అందుకే ప్రతి డాబా నీళ్లూ లెక్కలోకి రావాలి.

తమిళనాడు 2003లో పాత ఇళ్లకు కూడా గడువు పెట్టి ఈ ఏర్పాటు తప్పనిసరి చేసింది. మనమూ పాత ఇళ్లను వదలకూడదు. ఏటా మృగశిర కార్తెలోపు వార్డు సిబ్బంది వచ్చి, డాబా పైపులో నాలుగు బకెట్లు పోయించి, అవి గుంతలోకి దిగుతున్నాయో లేదో చూడాలి. బాత్రూమ్ నీళ్లు అందులో కలిపితే అక్కడే ఆపించాలి. గుంతకు చోటు లేని చిన్న ఇళ్లవాళ్లు వడపోసి సంపులో పట్టుకుంటే దాన్నీ ఒప్పుకోండి. మొదటి ఏడాది జరిమానా వద్దు, బాగుచేసుకోవడానికి సాయం చేయండి. రెండో ఏడాదీ పట్టించుకోని పెద్ద అపార్ట్‌మెంట్లను మాత్రం వదలకండి.

ఈ తనిఖీకి వచ్చే వానాకాలానికి ముందే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక హైదరాబాద్ వాసి