తుప్పుకు బాధ్యులెవరు?

అయ్యా,

ఎన్నికలు వస్తున్నాయి కాబట్టి 'లైసెన్సుదారులు ఆయుధాలు వెంటనే ఠాణాలో అప్పగించాలి' అని మీ జిల్లా పేజీలో వేశారు. చదివి వారం దాటినా కడుపుమంట తగ్గలేదు కాబట్టి రాస్తున్నా. అప్పగించిన వస్తువు ఏ రూపంలో తిరిగొస్తుందో కూడా ఒకసారి రాయండి.

మా బాపు నుంచి నాకొచ్చింది .32 వెబ్లీ రివాల్వర్. బర్మింగ్‌హామ్‌లో చేసింది, మధ్యకు మడిచి గుళ్లు నింపే పాత రకం. ఏటా దసరాకు తుడిచి, నూనె రాసి, పాత ధోవతి గుడ్డలో చుట్టి పెట్టేవారు. 2023 అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికల కోడ్ రాగానే తీసుకెళ్లి ఇచ్చాను. డిసెంబరులో అడిగితే, "ఎట్లాగూ పార్లమెంటు ఎన్నికలు వస్తున్నయి, మళ్లా తిరగుడెందుకు, ఉండనియ్యండి సార్" అన్నారు. ఎంత దయో! 2024 జూన్‌లో ఫలితాలయ్యాక చేతికిచ్చారు. గుడ్డ లేదు. ట్రిగ్గర్ గార్డుకు పురికొసతో అట్టముక్క కట్టి ఉంది, దానిమీద నా ఇంటిపేరు తప్పు. గుళ్లు పట్టే సిలిండర్ తిరగనంటోంది. గుండును కొట్టి పేల్చే హామర్ వెనక్కి లాగితే అక్కడే ఆగిపోయింది. గొట్టం మీద ఎవరిదో బొటనవేలి ముద్ర తుప్పుతో అచ్చు గుద్దినట్టు ఉంది. దొంగల వేలిముద్రలు కూడా అంత బాగా దొరకవేమో.

ఇదేంటని అడిగితే రశీదు చూపమన్నారు. అందులో 'రివాల్వర్ ఒకటి' అని ఉంది. పనిచేస్తోందో లేదో ఎవరూ రాయలేదు.

పోనీ బాగు చేయించుకుందామంటే ఎక్కడ? 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చేసేవాడికీ లైసెన్సు ఉండాలి. మా ఊళ్లో లేత్ మిషన్ పెట్టుకున్న పిల్లవాడు ఏ మోటారైనా లేపి నిలబెడతాడు కానీ, దీన్ని ముట్టుకుంటే, ఆ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల జైలు. నాటు తుపాకులు చేసేవాళ్లను పట్టుకోవాల్సిందే, కాదనను. కానీ సక్రమంగా లైసెన్సు ఉన్నవాడు ఎటు పోవాలి?

హైదరాబాద్ పోయాను. తుపాకుల దుకాణంలో పెద్దాయన చూసి, హామర్‌ను కొట్టించే మెయిన్ స్ప్రింగ్ పోయింది, ఇంత పాతదానికి స్పేర్లు రావు, దొరికినా ఆకురాయి పట్టి సరిగ్గా అమర్చే పనివాళ్లు లేరు అన్నాడు. పాడైన వెబ్లీ ఇంకోటి కొని భాగాలు తీసుకుందామంటే, లైసెన్సులో అదీ ఒక ఆయుధమే. 2019 నుంచి మనిషికి మూడు కాదు, రెండే. స్ప్రింగు ముక్క కోసం నా కోటా మొత్తం అయిపోతుంది.

మా బాపుకు ముందుచూపు ఎక్కువ. ఓవల్టీన్ డబ్బాలో నాలుగు స్క్రూలు, ఒక జత చెక్క గ్రిప్పులు, గ్రీజు కాగితంలో చుట్టిన స్ప్రింగు దాచిపెట్టారు. అటక మీద ఆ డబ్బా దొరికిన రోజు నాకు పండగే. నిజాయితీకి పోయి ఠాణాలో చెబితే, "దీనికి లైసెన్సు ఉందా?" అన్నారు. చట్టంలో ఆయుధమంటే దాని భాగాలు కూడానట. అట్లయితే ఆ తుప్పు కూడా రాసుకోవాల్సింది!

వస్తువు విలువ తెలియని పాలన ఇది. ఏ ఠాణా ముందైనా చూడండి, వేపచెట్టు కింద సీజ్ చేసిన బండ్ల మీద తీగలు పాకి ఉంటాయి. మూడు సోమవారాలు ప్రజావాణికి పోయాను. అర్జీకి నంబరు ఇచ్చారు, అంతే.

ఎన్నికలప్పుడు ఎవరి ఆయుధం తీసుకోవాలో చూడటానికి జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ ఉండాలని ఎన్నికల సంఘమే చెప్పింది. నామీద ఒక్క కేసూ లేదు. ఆ కమిటీ నా ఫైలు ఎప్పుడు చూసిందో చెప్పినవాళ్లు లేరు. తీసుకోండి, కానీ రశీదులో కండిషన్ రాయండి, తడి తగలని పెట్టెలో పెట్టండి. రిపేరుకు లైసెన్సున్నవాళ్లు జిల్లాలో ఎవరైనా ఉంటే ఆ పేరు మీ పేజీలోనే వేయించండి.

ఈసారి అప్పగించే ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకునే పోతాను. స్టేషన్‌లో ఫోటోలు తీయొద్దంటారేమో చూడాలి.

– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా