ఆ నెలలో వాన్ గో స్తిమితంగానే ఉన్నాడు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో ప్రతిభకూ పిచ్చికీ ఉన్న సంబంధాన్ని గురించి వెలువడిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ప్లేటో మొదలుకొని ఫ్రెంచి తత్త్వవేత్త ఫూకో దాకా ఎందరినో ప్రస్తావించిన వ్యాసకర్త పాండిత్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే, ‘పిచ్చి లేనిదే గొప్ప కళ పుట్టదు’ అని ఆయన చేసిన నిర్ధారణ సరైనది కాదనీ, దాన్ని కాదనడానికి కావలసిన ఆధారాలు ఆయన ఎత్తిచూపిన ఉదాహరణల్లోనే ఉన్నాయనీ మనవి చేయదలచుకున్నాను. ఉత్తరం కొంత పొడుగైంది, మన్నించాలి.

వ్యాసానికి పైన వేసిన బొమ్మ విన్సెంట్ వాన్ గో గీసిన ‘నక్షత్రాల రాత్రి’. దాని కింద ‘ఉన్మాద స్థితిలో చిత్రించినది’ అని అచ్చయింది. ఒక్కసారి తేదీలు చూడండి. ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణంలో వాన్ గో తన చెవి కోసుకున్నది 1888 డిసెంబరు 23 రాత్రి. తర్వాతి నెలల్లో జబ్బు తిరగబెట్టింది. ఈ మనిషిని ఊళ్లో స్వేచ్ఛగా తిరగనివ్వవద్దని ఇరుగుపొరుగు వారు మేయరుకు అర్జీ పెట్టుకున్నారు. ఒంటరిగా బతకడం తన వల్ల కాదని గ్రహించిన వాన్ గో 1889 మే 8న, ఎవరి బలవంతమూ లేకుండా, సాన్ రెమీలోని మానసిక చికిత్సాలయంలో చేరాడు. నక్షత్రాల రాత్రిని గీసింది జూన్ మధ్యలో. అక్కడ చేరాక జబ్బు మళ్లీ మొదటిసారి మీద పడింది జూలై మధ్యలో. అంటే, మనం ఉన్మాదానికి పరాకాష్ఠగా చెప్పుకునే ఆ చిత్రం, ఆయన స్తిమితంగా ఉండి, వేళకు తిని, వేళకు నిద్రపోయి, రోజూ పనిచేసుకుంటున్న వారాల్లో తయారైంది.

పైగా అది కళ్లు మూసుకుని ఆవేశంలో పులిమిన రంగు కాదు. సూర్యోదయానికి ముందు తన పడకగది కిటికీలోంచి చూసిన ఆకాశాన్ని మనసులో పెట్టుకుని, పగటిపూట కింది అంతస్తులో తనకు ఇచ్చిన మరో గదిలో కూర్చుని గీశాడు. ఆ కిటికీలోంచి ఊరు కనిపించదు. చిత్రంలో కనిపించే ఊరు ఆయన తెచ్చి పెట్టింది. ఇంతా చేసి అది తనకు నచ్చలేదు. మరీ పెద్ద నక్షత్రాలకు చేయి చాచి మరోసారి విఫలమయ్యానన్న అర్థం వచ్చేలా, అదే సంవత్సరం నవంబరులో మిత్రుడు బెర్నార్‌కు రాసిన ఉత్తరంలో తన పనిని తానే విమర్శించుకున్నాడు. ఆ మాటల్లో వినిపించేది పనివాడి గొంతు.

మరి జబ్బు ముదిరిన రోజుల్లో ఏం జరిగింది? రంగులు నోట్లో పెట్టుకున్నాడని కొంతకాలం వాటిని ఆయన చేతికి ఇవ్వలేదు. 1890 వసంతంలో అస్వస్థతలోనే జ్ఞాపకం మీద కొన్ని చిన్న చిత్రాలు వేశాడన్నది కూడా నిజమే, దాన్ని దాచి వాదించడం న్యాయం కాదు. కానీ ఆ చికిత్సాలయంలో గడిపిన ఏడాదిలో ఆయన గీసిన దాదాపు 150 చిత్రాల్లో అత్యధిక భాగం రెండు దాడుల మధ్య దొరికిన విరామంలో గీసినవే. ఈ పాడు జబ్బే లేకపోతే ఎంత పని చేసి ఉండేవాణ్ణో అని ఆయన తమ్ముడు తెయోకు వాపోయాడు. ఆయన శాపమనుకున్నదాన్ని మనం వరమని మెచ్చుకోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. నా తమ్ముడు నాకంటె ఎనిమిదేళ్లు చిన్నవాడు. చిన్నతనం నుంచీ పద్యాలు అల్లేవాడు. ఇరవై మూడో ఏట మానసికంగా జబ్బుపడ్డాడు. మందులతో రెండేళ్లకు కుదుటపడి, మళ్లీ కలం పట్టుకున్న సమయంలో ఒక సాహిత్య మిత్రుడు, ఎంతో ప్రేమగానే, “ఈ మందులు మింగుతూ పోతే నీలోని కవి చచ్చిపోతాడు” అన్నాడు. వాన్ గో పేరు కూడా చెప్పాడు. మావాడు మందులు మానేశాడు. తర్వాత నాలుగేళ్లు ఒక్క పాదం రాయలేదు. ఆ నాలుగేళ్లూ వాడికి స్నానం చేయించి, అన్నం కలిపి పెట్టింది మా అమ్మ. మీ వ్యాసం చదివి అలాంటి సలహా ఇచ్చే మిత్రులు మన ఊళ్లలో ఇంకా ఉంటారన్నదే నా భయం.

వ్యాసకర్త చెప్పిన రెండో పేరు జర్మన్ తత్త్వవేత్త నీషే. వాన్ గో చెవి కోసుకున్న పదకొండు రోజులకే, 1889 జనవరి 3న, ఇటలీలోని తూరిన్ నగరంలో నీషే కుప్పకూలాడు. ఈ సామీప్యం ఎవరికైనా విచిత్రంగానే తోస్తుంది. దెబ్బలు తింటున్న గుర్రం మెడను కౌగిలించుకుని ఏడ్చాడన్న కథ మాత్రం ఆ సంఘటన జరిగిన చాలా ఏళ్లకు పత్రికకెక్కింది కనుక దాన్ని రూఢిగా చెప్పకపోవడం మంచిది. రూఢి అయిన సంగతి మరొకటి ఉంది. అంతకుముందు ఒక్క 1888లోనే అరడజను దాకా పుస్తకాలు పూర్తిచేసిన ఆ మనిషి, కూలిపోయిన తర్వాత 1900 ఆగస్టులో మరణించే దాకా, పదకొండేళ్లకు పైగా, ఒక్క పుస్తకం కూడా రాయలేదు. 1961లో వెలువడిన తన ఉన్మాద చరిత్ర చివరి పుటల్లో ఫూకో అన్నదీ ఇదే: రచన ఉన్న చోట ఉన్మాదం లేదు. ఉన్మాదాన్ని కీర్తించినవాడిగా ఫూకోను సాక్ష్యానికి పిలిచిన వ్యాసకర్త ఈ వాక్యాన్ని ఎలా దాటిపోయారో నాకు తెలియలేదు.

ఫ్రెంచి శిల్పి కామీ క్లోదెల్ పేరు వ్యాసంలో ఒక్క వాక్యంలో, ‘ప్రేమోన్మాదిని’ అన్న విశేషణంతో ముగిసిపోయింది. ఆమె గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. ఆమెకు జబ్బు ఉన్న మాట వాస్తవమే, శిల్పాచార్యుడు రొదాఁ తన మీద కుట్ర పన్నుతున్నాడన్న భ్రమ ఆమెను వెంటాడింది. 1913 మార్చిలో తండ్రి చనిపోయిన వారం రోజులకే కుటుంబం ఆమెను చికిత్సాలయంలో చేర్చింది. ఇంటికి తీసుకువెళ్లవచ్చని తర్వాతి కాలంలో వైద్యులే సూచించినా తల్లి ఒప్పుకోలేదు, ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు. తమ్ముడు పోల్ క్లోదెల్ పేరుమోసిన కవి, రాయబారి. ఆయన ఎప్పుడో గాని రాలేదు. 1943 అక్టోబరులో చికిత్సాలయంలోనే కన్నుమూసే వరకు, ముప్ఫై ఏళ్లు, ఆమె శిల్పం జోలికి పోలేదు. పిచ్చే ప్రతిభకు ఇంధనమైతే ఆ ముప్ఫై ఏళ్లలో ఎన్ని శిల్పాలు రావాలి? కుటుంబం ఆదరించలేదన్న ఒక్క కారణంతో ఎవరినీ మానసిక ఆరోగ్య కేంద్రంలో ఉంచేయకూడదని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ చదివినప్పుడల్లా నాకు ఆమే గుర్తుకువస్తుంది.

ఇక ప్రాచీనుల సంగతి. ఉన్మాదపు ఛాయ లేని మేధావి లేడన్న మాటను వ్యాసకర్త అరిస్టాటిల్‌కు అంటగట్టారు. ఆ వాక్యం మనకు దొరుకుతున్న అరిస్టాటిల్ గ్రంథాల్లో లేదు, అరిస్టాటిల్ అన్నాడని రాసినవాడు రోమన్ తత్త్వవేత్త సెనెకా. ప్లేటో విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. ‘ఫీడ్రస్’ సంభాషణలో సోక్రటీసు, కావ్యదేవతల ఆవేశం లేకుండా కేవలం నేర్పును నమ్ముకుని కవిత్వపు గుమ్మం తొక్కినవాడు రాణించడు అన్నమాట నిజమే. అయితే అదే సంభాషణలో, కొంత ముందుకు వెళ్లాక, ఉన్మాదం రెండు రకాలనీ, ఒకటి మనుషులకు వచ్చే జబ్బనీ, మరొకటి దేవతలు మనిషిని అలవాటైన కట్టుబాట్ల నుంచి తప్పించడమనీ స్పష్టంగా విడదీశాడు. ఆ విభజనే ఈ చర్చకంతటికీ కీలకం. దాదాపు రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందట విడదీసినదాన్ని మనం ఇప్పుడు మళ్లీ కలిపేయడం దేనికి?

మన ఆలంకారికులు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తపడ్డారు. నాట్యశాస్త్రం చెప్పిన ముప్ఫై మూడు వ్యభిచారి భావాల్లో ఉన్మాదం ఒకటి. దాన్ని రసానికి మూలమై నిలిచే స్థాయీభావాల సరసన కూర్చోబెట్టలేదు. వచ్చి పోయే భావాల్లో, రసాన్ని పోషించి తప్పుకునే భావాల్లో చేర్చారు. కాళిదాసు విక్రమోర్వశీయం నాలుగో అంకంలో ఊర్వశి కనబడక పురూరవుడు నెమలినీ కోకిలనూ ఏనుగునూ కొండనూ నిలబెట్టి అడుగుతాడు. ఆ అంకం ముగిసేలోగా ఆమె దొరుకుతుంది, ఉన్మాదం తొలగుతుంది. పల్లవరాజు మహేంద్రవర్మ మత్తవిలాస ప్రహసనంలోనైతే, తాను భిక్షాపాత్రగా వాడుకునే కపాలం పోయిందని కాపాలికుడు బౌద్ధ భిక్షువు మీద నింద మోపి శాస్త్రార్థాలతో రభస చేస్తుంటే, ఆ కపాలం చివరకు ఒక ఉన్మత్తుడి దగ్గర బయటపడుతుంది. వివేకవంతులమనుకునేవారి మీద అంత చురుకైన ఎగతాళి చేయడానికి రచయితకు ఎంత వివేకం కావాలి!

భాగవతం సంగతి నేను తెలుగు మాస్టారుగా ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినది కనుక ఇక్కడ కాస్త ఆగుతాను. రాసక్రీడా ఘట్టంలో కృష్ణుడు అదృశ్యమైనప్పుడు గోపికలు వనం వెంట వనం వెదికారని చెబుతూ సంస్కృత మూలం వాడిన మాట ‘ఉన్మత్తకవత్’. అంటే పిచ్చివాళ్లలా. ఆ ‘లా’ చాలా ముఖ్యం. పోతన దగ్గరికి వస్తే వాళ్లు మల్లెపొదలను పట్టుకుని “నల్లనివాడు పద్మనయనంబులవాడు” అంటూ ఆనవాళ్లు చెప్పి, మీ పొదల మాటున దాగి ఉన్నాడేమో చెప్పమని బతిమాలుతారు. చెట్లను ప్రశ్నించడం లోకం దృష్టిలో మతిలేని పని. కానీ పద్యం చూడండి. అచ్చమైన ఉత్పలమాల. మొదటి అక్షరమైన నకారానికి పదో అక్షరం ‘నం’ తో యతి కుదిరింది. నాలుగు పాదాల్లోనూ లకార ద్విత్వం ప్రాసగా నిలబడింది. ఎన్నో ఏళ్లు తరగతిలో ఈ పద్యం చదివి వినిపించాను. పిచ్చిగా అడుగుతున్నది గోపిక, ఒక్క గణం కూడా తప్పకుండా చూసుకుంటున్నది పోతన. ఈ ఇద్దరినీ ఒకరే అనుకుంటే పద్యమూ అర్థం కాదు, గోపికా అర్థం కాదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు మనసు అంచెలంచెలుగా ఎలా చెదిరిపోయిందో చదివినవారికి కూడా ఈ తేడా తెలిసే ఉంటుంది.

తెలుగులో ‘పిచ్చి’ అన్న మాట ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. పుస్తకాల పిచ్చి అంటాం, ‘పిచ్చితల్లీ’ అని ముద్దు చేస్తాం, నచ్చనివాణ్ణి ఎర్రగడ్డకో చినవాల్తేరుకో పంపాలని వెక్కిరిస్తాం. వెర్రి వెయ్యి విధాలన్నారు పెద్దలు. సంభాషణలో ఇది చెల్లుతుంది. విమర్శ వ్యాసంలో చెల్లదు, ఎందుకంటే దాని పర్యవసానం ఎక్కడికి పోతుందో చరిత్రలో ఒకసారి చూశాం. మేధ ఒక రకమైన మానసిక వ్యాధి అన్న సిద్ధాంతాన్ని ఇటలీ వైద్యుడు లోంబ్రోజో 1864లో పుస్తకంగా తెచ్చాడు. ఆయన శిష్యప్రాయుడు నోర్డావ్ 1890ల్లో దాన్ని ఆధునిక కళాకారుల మీదికి తిప్పి, వాళ్లంతా ‘క్షీణించిన’ మనుషులన్నాడు. 1937లో నాజీలు ఆ మాటనే ఎత్తుకుని మ్యూనిక్‌లో ‘క్షీణ కళ’ ప్రదర్శన పెట్టారు. ఆ ఏడాదే ఫ్రాంక్‌ఫర్ట్ మ్యూజియం నుంచి వాన్ గో గీసిన, చివరి రోజుల్లో తనకు వైద్యం చేసిన డాక్టర్ గాషే చిత్రపటాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఊరూరా తిప్పిన ఆ ప్రదర్శనలో ఆధునిక చిత్రాల పక్కన మానసిక రోగులు గీసిన బొమ్మలు కూడా పెట్టి, రెండూ ఒకటే కదా చూడండన్నారు. ఆ రోగుల బొమ్మలు హైడెల్‌బర్గ్‌లో డాక్టర్ ప్రింజ్‌హార్న్ ప్రేమగా సేకరించినవి. ఆయన 1922 నాటి పుస్తకంలో మెచ్చుకున్నవారిలో ఫ్రాంజ్ బ్యూలర్ అనే లోహశిల్పి ఒకడు. 1940లో గ్రాఫెనెక్ అనే చోట రోగులను చంపడానికి కట్టిన గ్యాసు గదిలో బ్యూలర్‌ను చంపేశారు. కళాకారుడు పిచ్చివాడన్న మాట పొగడ్తగా మొదలైనా ఆ మాట అక్కడి దాకా వెళ్లింది. మీ వ్యాసకర్తకు అలాంటి తలంపు లేదని నాకు తెలుసు, ఆయన సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు.

నా విన్నపం చిన్నదే. వచ్చే ఆదివారం సంచికలో, నక్షత్రాల రాత్రి బొమ్మ కింది వ్యాఖ్యను సవరిస్తూ, ‘1889 జూన్, సాన్ రెమీ’ అని మాత్రం వేయండి. ఇంకేమీ అక్కర్లేదు.

ఈ ఉత్తరం చిత్తుప్రతిని మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడిప్పుడు మందులు వేసుకుంటున్నాడు, నెలకొకటో రెండో పద్యాలు రాస్తున్నాడు. వాడి సంగతి రాయడానికి ఒప్పుకున్నాడు గానీ పేరు వద్దన్నాడు, అందుకే నా పేరూ వేయవద్దని కోరుతున్నాను. “అన్నయ్యా, వాన్ గో గురించి చెప్పిన చోట రెండుసార్లు పిచ్చి అని రాశావు, జబ్బు అని మార్చు” అన్నాడు. మార్చాను. గోపికల దగ్గర కూడా మార్చనా అని అడిగితే, అక్కడ మాత్రం ఉండనివ్వమన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి