బల్బు మార్చేముందు మీటరు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఈ 61 రోజుల్లో బోట్లకు రంగులు పడతాయి, ఇంజన్లు విప్పుతారు, వలలు బాగుచేస్తారు. రాత్రిపూట పడవ ఎటు పోతోందో ఇతరులకు తెలిపే నావిగేషన్ లైట్ల వైరింగు జోలికి మాత్రం పోయేవాళ్లు తక్కువ. వేటకు వెళ్లిన రెండో రాత్రి ఎర్ర లైటు ఆరిపోతే బల్బు పోయిందని కొత్తది వేస్తారు. వెలిగిందా సరే, లేదంటే తెల్లారేదాకా అంతే. ఉప్పు గాలిలో బల్బు కంటే ముందు పోయేది జాయింటు.

ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ ఒక్కోటి 112.5 డిగ్రీల మేర కనబడాలి. మాస్టు (పడవ మీది నిలువు స్తంభం) మీది తెలుపు 225, వెనకది 135. ఎడమ ఎరుపు ఆరితే ఆ వైపు నుంచి వచ్చే ఓడకు మాస్టు తెలుపు ఒక్కటే కనిపిస్తుంది. లంగరేసిన పడవ అనో, తన ముందు పోతున్న పడవ వెనక లైటు అనో అనుకుంటుంది.

అన్ని లైట్లూ ఒక్కసారే ఆరితే పైకి ఎక్కక్కర్లేదు. మెయిన్ ఫ్యూజు, స్విచ్ బోర్డుకు వచ్చే పాజిటివ్, నెగటివ్‌లన్నీ కలిసే బోల్టు చూస్తే చాలు, తప్పు వీల్‌హౌస్‌లోనే, అంటే బోటు నడిపే గదిలోనే దొరుకుతుంది. ఒక్కటే ఆరినప్పుడే అసలు పని.

ఇక్కడ చాలామంది ఎలక్ట్రీషియన్లూ పొరబడతారు. బల్బు తీసి, ఖాళీ హోల్డరులో మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది. 'కరెంటు వస్తోంది, వైరు బాగానే ఉంది' అంటారు. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. చిలుము పట్టి ఒక్క పోగు మిగిలిన వైరైనా దానికి నిండు వోల్టేజీ చూపించగలదు. 25 వాట్ల బల్బు 2 ఆంపియర్లు అడిగేసరికి ఆ పోగు చేతులెత్తేస్తుంది. కాబట్టి బల్బు పెట్టి, స్విచ్ వేసి, అప్పుడు కొలవాలి. మీటరు నల్ల తీగకు ఒక పొడుగు వైరు కలిపి దాని రెండో కొసను బ్యాటరీ నెగటివ్‌కు బిగించండి. ఎర్ర తీగను వరసగా స్విచ్ తర్వాత, మాస్టు మొదట్లోని జాయింటు దగ్గర, హోల్డరు పాజిటివ్ మీద పెట్టుకుంటూ పోండి. ఎక్కడ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతే దానికి ముందరి ముక్కలోనే తప్పు. చివర హోల్డరు నెగటివ్ మీద తప్పకుండా పెట్టాలి. అక్కడ 0.2కు మించకూడదు. 3 చూపిస్తే పాజిటివ్ ఎంత బాగున్నా బల్బుకు అందేది 9 వోల్టులే. నెగటివ్‌ను ఎవరూ అనుమానించరు, అందుకే అది ఏళ్ల తరబడి అలాగే కుళ్లుతుంటుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే లోపల షార్టు ఉన్నట్టు. బ్యాటరీ తప్పించి, మీటరును ఓమ్స్‌లో (నిరోధం కొలిచే చోట) పెట్టి చూడాలి, అయితే ముందు బల్బు తీసేయాలి. చల్లగా ఉన్న 25 వాట్ల ఫిలమెంటు అర ఓము చూపిస్తుంది, అది చూసి షార్టని మంచి వైరంతా పీకేసుకుంటారు. ముందుగా చూడాల్సిన చోటు వైరు మాస్టులోకి దూరే రంధ్రం. అక్కడ రబ్బరు రింగు లేకపోతే ఇనుప అంచు తొడుగును కోసేస్తుంది. ఒక్కో లైటుకు విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే ఒకటి పోయినా మిగతావి వెలుగుతాయి. సిగరెట్ పెట్టె రేకు ఫ్యూజు కాదు.

బాగుచేసేటప్పుడు రాగి నల్లబడినంత మేరా కోసేయండి. ఒక్కోసారి మూరెడు పోతుంది, పోనివ్వండి. వైరు మెలేసి టేపు చుడితే లోపల తడి నిలుస్తుంది. తగరం పూత వైరు, క్రింపు లగ్గు (వైరు కొసకు నొక్కి బిగించే లోహపు ముక్క), పైన జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసేది) వాడాలి. వైరు హోల్డరులోకి పోయేముందు కిందికి ఒక వంపు ఇస్తే నీళ్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి.

వైరు మందం సంగతి. వీల్‌హౌస్ నుంచి మాస్టు కొసకు 15 మీటర్లయితే రానూపోనూ 30. ఇళ్లలో వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరుతో 1.2 వోల్టులు దారిలోనే పోతాయి, వెలుగులో మూడో వంతు దాకా పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 వోల్టు లోపే. 24 వోల్టుల బోట్లలో కరెంటు సగమే కాబట్టి అంత ఇబ్బంది లేదు.

ఎల్‌ఈడీ లాగే కరెంటు తక్కువ గనక అది వేస్తే ఈ లెక్క తేలికవుతుంది, నిజమే. కానీ ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీ, పచ్చ అద్దం వెనక పచ్చదే ఉండాలి. తెల్లది పెడితే రంగు మారుతుంది. చవకరకం ఎల్‌ఈడీలు ఒడ్డుతో, తోటి పడవలతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియోలో కూడా హోరు పుట్టిస్తాయి. ఆపద పిలుపుల ఛానల్ 16 మీద స్క్వెల్చ్‌ను (హోరును అణిచే మీటను) హోరు అప్పుడే ఆగేంతవరకు తిప్పి, లైటు వేయండి. హోరు మళ్లీ మొదలైతే ఆ బల్బు తీసేయాల్సిందే.

తెరచాప పడవల వారికీ ఇదే వర్తిస్తుంది. 20 మీటర్ల లోపు పడవ మూడు రంగులనూ మాస్టు కొసన ఒకే లాంతరులో పెట్టుకోవచ్చు, కానీ ఇంజను వేయగానే దాన్ని ఆర్పి పక్క లైట్లు, వెనక లైటు, మాస్టు తెలుపు వేయాలి. ఆ తెలుపు ఎప్పుడో గానీ వెలిగేది కాదు గనక, పాడైన సంగతి అవసరం పడిన రాత్రే తెలుస్తుంది.

జెట్టీ మీద పట్టపగలు స్విచ్ వేసి 'వెలుగుతున్నాయి' అని టిక్కు పెట్టడం తనిఖీ కాదు. చీకటిపడ్డాక, అరగంట సేపు అన్నీ వెలిగించి, హోల్డరు దగ్గర వోల్టులు రాసుకోవాలి. బ్యాటరీ దగ్గరి అంకెకూ దానికీ తేడా 0.4 లోపుంటే ఆ బోటును వేటకు వదలొచ్చు.

— ఒక మెరైన్ ఎలక్ట్రీషియన్, విశాఖపట్నం