వరండా గోడ మీద ఉన్నదెవరో చెప్పుకోండి

తల్లిదండ్రులకు, ముఖ్యంగా ఈ ఉత్తరాన్ని కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివే తాతయ్యలకు, అమ్మమ్మలకు నమస్కారం.

ఈ నెల ఉత్తరం ఆలస్యమైంది. కోతలూ నూర్పిళ్లూ అయ్యేదాకా మీకు ఎలాగూ తీరిక ఉండదని నేనూ తాత్సారం చేశాను, ఒప్పుకుంటున్నాను. ముందుగా ఒక మనవి. కాలవగట్టు రోడ్డు మీద ధాన్యం ఆరబోసుకున్నవాళ్లు ఒక పక్కన పిల్లల సైకిళ్లు పోయేంత దారి వదలండి, మొన్న ఏడో తరగతి అమ్మాయి బరకం అంచు మీద జారి మోచెయ్యి గీరుకుపోయి వచ్చింది.

ఇక అసలు సంగతి.

కిందటి నెల ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన రోజున ఒక నాన్నగారు వచ్చారు, రొయ్యల చెరువు దగ్గర్నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, ప్యాంటు మడతల్లో బురద ఇంకా ఆరలేదు. కార్డు చూసి నా బల్ల మీద పెట్టి "ఏవండీ మాస్టారూ, వీడు అసలు దేనికైనా పనికొస్తాడంటారా, ఆ ముక్క ఇప్పుడే చెప్పెయ్యండి" అన్నారు. కుర్రాడు పక్కనే ఉన్నాడు. తలుపు మీద పెచ్చులూడిన రంగుని గోటితో గీకుతున్నాడు గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. నాకు వెంటనే జవాబు తట్టలేదు. "చూద్దాం లెండి" అన్నాను. ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని "చూద్దాం లెండి" అనడమేమిటని ఆ రాత్రి నా మీద నాకే చిరాకేసింది.

మర్నాడు ఎనిమిదో తరగతికి వెళ్లి ఒక పని చెప్పాను. బాగా పేరున్న ఒక మనిషి చిన్నప్పటి సంగతో, మొదట చేసిన ఉద్యోగమో, ఎక్కడ దెబ్బతిన్నారో ఒక అట్టముక్క మీద రాసుకురండి, పేరు మాత్రం వెనక వైపు రాయండి, చదివినవాళ్లు ఎవరో చెప్పుకోవాలి, తెలియకపోతే అట్ట తిప్పి చూసుకోవాలి, అంతే. వరండాలో కొబ్బరితాడు కట్టి బట్టల క్లిప్పులతో తగిలించాం. ఇప్పటికి నలభై దాకా అయ్యాయి.

రెండు షరతులు పెట్టాల్సి వచ్చింది. ఒకటి, బెంగళూరు బస్సు కండక్టరు ఇక వద్దు. మొదటి రోజే నలుగురు రజనీకాంత్‌ని తెచ్చారు, అది తెలియనివాళ్లు మన ఊళ్లో ఎవరున్నారండీ. రెండోది, వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు రాయకూడదు, ఎక్కడ చదివారో ఎవరు చెప్పారో నాకు చూపించాలి. ఐన్‌స్టీన్ చిన్నప్పుడు లెక్కల్లో ఫెయిలయ్యాడని ముగ్గురు రాసుకొచ్చారు. కాలేదు. పదిహేనేళ్లు నిండకముందే కలన గణితం నేర్చేసుకున్న మనిషి ఆయన. ఆ ముగ్గురూ కొంచెం నిరాశపడ్డారు, వాళ్ల లెక్కల మార్కులకి అదొక్కటే అండగా ఉన్నట్టుంది.

గోడ మీద నాకు అన్నిటికంటే నచ్చిన అట్ట ఇది: "భీమవరంలో పుట్టాడు. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. అమ్మ పట్టుకొచ్చింది. మెట్రిక్ మూడోసారికి పాసయ్యాడు."

ఒక నాయనమ్మగారు మనవణ్ణి తీసుకెళ్లడానికి వచ్చి, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివి, "మా ఆయన సంగతి మీకెవరు చెప్పారండీ" అన్నారు. వరండా అంతా నవ్వులు. అట్ట తిప్పితే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న పుట్టిన మన భీమవరం మనిషి. మూడోసారికి మెట్రిక్ గట్టెక్కాక మద్రాసులో వైద్యం చదివారు, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టుకుని కాలేజీకి వెళితే దొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది, చివరికి ఎంబీబీఎస్ కాకుండా దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. అమెరికా వెళ్లాక చదువు ఖర్చుల కోసం బోస్టన్‌లో రాత్రిళ్లు ఆస్పత్రిలో చిల్లర పనులు చేశారు, రోగుల మలమూత్రాల పళ్లేలు తీయడం కూడా అందులో ఉంది. హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయనతో కలిసి చేసిన పని వల్ల శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతికి ఇప్పటికీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది.

ఇక్కడ ఆగి ఒక్కమాట. వారానికోసారి బడిలో మీ పిల్లలకి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తాం కదా, కొందరు నాలిక కింద దాచి బయటికొచ్చాక ఉమ్మేస్తారు, నాకన్నీ తెలుసు, ఆ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఈ ఫోలిక్ యాసిడే. అదే నాయనమ్మగారు కీళ్లవాతానికి వారానికి ఒకరోజు మెథోట్రెక్సేట్ అనే చిన్న మాత్ర వేసుకుంటారట. అదీ ఆయన బృందం పనిలోంచి వచ్చిందేనని చెబితే ఆవిడ ఆ అట్టని మళ్లీ మొదట్నుంచి చదివారు. 1948లో, యాభై మూడేళ్లకే పోయారు సుబ్బారావుగారు. 1995లో తపాలా బిళ్ల వేశారు. భీమవరం రోజూ వెళ్లొచ్చే మనలో ఎంతమందికి ఆయన తెలుసో మీరే చూసుకోండి, నాకైతే ఉద్యోగంలో చేరేదాకా తెలియదు.

సినిమావాళ్ల అట్టలే ఎక్కువ, అది ఎలాగూ తప్పదు. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే మనల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించినవాళ్లలో ఎంతమంది మా వృత్తివాళ్లో! బ్రహ్మానందం గారు భీమవరం డీఎన్నార్ కాలేజీలో చదువుకున్నారు, అత్తిలిలో తెలుగు లెక్చరరుగా పాఠాలు చెప్పారు. నిడమర్రు మనిషి ఎమ్మెస్ నారాయణ గారు భీమవరంలో తెలుగు లెక్చరరు. రాజమండ్రి రాజబాబు, అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు, సినిమాల్లోకి వెళ్లకముందు బడిపంతులే. మా తెలుగు మాస్టారు ఈ మూడు అట్టల ముందు నిలబడి ఫొటో దిగి స్టేటస్ పెట్టుకున్నారు. పాలకొల్లు అల్లు రామలింగయ్య గారు మాత్రం పంతులు కాదు, హోమియో వైద్యం చేసేవారు, రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో కాలేజీకి ఆయన పేరే ఉంది.

ఉద్యోగాల సంగతికొస్తే ఎస్వీ రంగారావు గారి అట్ట దగ్గర పెద్దవాళ్లు కూడా తడబడ్డారు. "బీఎస్సీ చదివాడు, బందరులోనూ విజయనగరంలోనూ ఫైర్ ఆఫీసరు." మంటలార్పే ఆఫీసరు తర్వాత మాంత్రికుడయ్యాడన్న మాట! మొదటి సినిమా ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్లి టాటావారి కంపెనీలో ఉద్యోగంలో చేరిపోయారు, మళ్లీ మద్రాసు పిలుపు వచ్చేదాకా అక్కడే. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలు వేసిన రోజులు ఆయనకీ ఉన్నాయి, రేలంగి గారికీ ఉన్నాయి.

ఎన్టీ రామారావు గారి అట్టలు రెండొచ్చాయి. కాలేజీ నాటకంలో ఆడవేషం వెయ్యమంటే మీసం తియ్యనంటే తియ్యనని అలాగే వేసి "మీసాల నాగమ్మ" అనిపించుకున్న సంగతి ఒకటి, 1947లో గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి మూడు వారాలు తిరక్కుండానే వదిలేసిన సంగతి ఇంకొకటి. రెండోది చదివి ఒక నాన్నగారు "మా వాడు అలా చేస్తే గోదాట్లో ముంచుతానండీ" అన్నారు. నిజమే కదా, సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం! ఆ రోజు వాళ్లింట్లో ఎవరికెంత టెన్షనో ఊహించుకోవచ్చు.

ఇంజినీరింగు తప్ప ఇంకేదీ చదువు కాదనుకునేవాళ్లు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి అట్ట ముందు రెండు నిమిషాలు నిలబడండి. ఆయనా ఇంజినీరే కావాలనుకున్నారు, అనంతపురంలో చేరారు, టైఫాయిడ్ వచ్చి ఆగిపోయింది, మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజినీరింగు కోర్సులో చేరి చదువుతూనే పాటల పోటీల్లో పాడారు. ధోనీది అందరికీ తెలిసిందే, స్కూల్లో ఫుట్‌బాల్ గోల్‌కీపరు, తర్వాత ఖరగ్‌పూర్‌లో రైల్వే టికెట్ కలెక్టరు. సచిన్ ఫాస్ట్ బౌలర్ అవుదామని మద్రాసు ఎంఆర్ఎఫ్ అకాడమీకి వెళితే అక్కడ నేర్పే ఆస్ట్రేలియా బౌలర్ డెన్నిస్ లిలీ పనికిరావు పొమ్మన్నాడు. కలాం గారు యుద్ధ విమానం నడుపుదామని డెహ్రాడూన్ వెళ్లారు, ఎనిమిది ఖాళీలు, ఈయన తొమ్మిదో స్థానం.

ఈ గోడ చూసి తొమ్మిదో తరగతి కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి "అయితే నేనూ పది మూడుసార్లు రాస్తానండి, ఆయ్" అన్నాడు. అందుకే ఇది కూడా చెప్పాలి. సుబ్బారావుగారు రెండుసార్లు తప్పి ఊరుకోలేదు, మూడోసారి కూర్చుని రాశారు. మద్రాసు రైలెక్కినవాళ్లలో తిరుగు రైల్లో వచ్చేసినవాళ్లే ఎక్కువ, వాళ్లకి గోడ మీద అట్టలుండవు, పాలకొల్లు చుట్టుపక్కల పాతకాలం వాళ్లనడిగితే అలాంటివాళ్ల కథలు పది చెబుతారు. అక్కినేని నాగేశ్వరరావు గారి చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది నిజమే, కానీ ఆయన దాన్ని గొప్పగా చెప్పుకోలేదు, గుడివాడలో కాలేజీకి డబ్బిచ్చారు, దానికి ఆయన పేరే పెట్టారు. కాబట్టి మార్కులు అక్కర్లేదని నేను అన్నట్టు ఇంట్లో ఎవరైనా చెబితే నమ్మకండి.

నేను చెప్పేదల్లా, ప్రోగ్రెస్ కార్డు అనేది ఆ మూడు నెలల లెక్క, జాతకం కాదు. ఈ మాట నాకు నేను కూడా చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట వేరే ఊళ్లో పనిచేస్తున్నప్పుడు ఒక కుర్రాడు ఇంట్లో ట్రాన్సిస్టర్ విప్పేసి, ఆ స్పీకరు జేబులో పెట్టుకుని క్లాసుకొచ్చాడు. కార్డు మీద "ఇతర వ్యాపకాలు ఎక్కువ, బుద్ధి నిలకడ లేదు" అని రాశాను, నా చేతిరాతే. వాళ్ల నాన్న ఆ రాత్రి వాణ్ణి కొట్టాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల చెరువుల మీద నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ మోటారు ఆగిపోతే రాత్రి రెండింటికైనా అతనికే ఫోన్ చేస్తారు. మన బడి బోరు మోటారు కూడా మొన్న అతనే బాగుచేశాడు. నేను రాసిన ముక్క అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, నవ్వుతూనే చెప్పాడు. బిల్లు మాత్రం రూపాయి తగ్గించలేదు.

అందుకని ఈసారి నుంచి కార్డులు ఇచ్చేటప్పుడు పిల్లల్ని బయట ఆడుకోనిచ్చి, మీరూ నేనూ విడిగా మాట్లాడుకుందాం. "పనికొస్తాడా" అన్న ప్రశ్న వాళ్ల ముందు వద్దు.

వార్షికోత్సవం సంక్రాంతి సెలవుల తర్వాత. డాన్సు ప్రాక్టీసు సాయంత్రం ఐదున్నర దాకా ఉంటుంది, అమ్మాయిల్ని మధ్యలో పిలుచుకుపోకండి, చీకటి పడేలోపు ఇంటికి చేర్చే పూచీ మాది. రాజమండ్రిలో ఇలాగే ఒక స్కూలు వార్షికోత్సవంలో లలితారాణి అనే అమ్మాయి నాట్యం చేస్తే, చూడటానికి వచ్చిన దర్శకుడొకరు సినిమాలో మూడు నిమిషాల డాన్సుకి పిలిచారు. ఇచ్చింది పది రూపాయలు. 1974 నాటి ముచ్చట, ఆవిడే జయప్రద. మన స్టేజీ ముందు దర్శకులెవరూ కూర్చోరు లెండి, ఎంఈవో గారు వస్తారు.

ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయిన అట్ట ఒకటుంది: "నరసాపురంలో పుట్టాడు, లా పాసయ్యాడు, కోర్టు ముఖం చూడలేదు. ఆయన చేతిరాత మీ ఇంట్లో పెళ్లి శుభలేఖ మీద ఉండొచ్చు." ఈ ఉత్తరం పైన మన బడి పేరున్న అక్షరాలు చూడండి, తట్టకపోతే శనివారం వచ్చి అట్ట తిప్పి చూడండి.

చివరగా పదో తరగతి వాళ్లకి అర్జెంటు పని. నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా, పంపాలి. సర్టిఫికెట్ మీద పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఒకసారి పడితే తర్వాత మార్చుకోవడానికి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరగాలి. శివశంకర వరప్రసాద్ చిరంజీవి కావచ్చు, సత్తిరాజు లక్ష్మీనారాయణ... ఆగండి, ఆయన పేరు ఇక్కడ చెప్పేస్తే పైన పొడుపు పాడవుతుంది. ఏదైతేనేం, వాళ్లు పేరు మార్చుకున్నది తెర మీదా బొమ్మల కిందా, మన పిల్లలకి మాత్రం ఆధార్‌లో ఒకటి, అడ్మిషన్ రిజిస్టరులో ఒకటి ఉంటే కుదరదు. ఇద్దరి పేర్లలో ఇప్పటికే తేడా కనిపించింది, వాళ్ల ఇళ్లకి కబురు పంపాను. మిగతావాళ్లు ఆధార్ జిరాక్సు తీసుకుని శనివారం మధ్యాహ్నం భోజనాల బెల్లు తర్వాత, నాలుగింటిలోపు రండి. మా గుమాస్తాగారు రిజిస్టరు పట్టుకుని వరండాలోనే కూర్చుంటారు, ఆ గోడ పక్కనే.

ఇట్లు
మీ హెడ్మాస్టారు